నలుపు మీట

రాత్రి పాళీలో మా ప్రెస్సులో నలుగురం ఉంటాం:
నేను, జెనివాల్డో, ఎలుకలంటే భయపడే పిల్లి,
ఇరవై రెండేళ్ల నాటి జర్మన్ యంత్రం.
రెసీఫెలో వాన పడితే
ముందు మా షెడ్డు రేకులకే తెలుస్తుంది.

నా పేరు జెనైడి. సిరా చూసుకోవడం నా పని.
నాలుగే డబ్బాలు. నీలం, గులాబి, పసుపు, నలుపు.
లోకంలోని మామిడిపళ్లూ మబ్బులూ రాజకుమార్తెలూ
అన్నీ వీటిలోంచే రావాలి.

తెలుపు డబ్బా లేదు. ఎప్పుడూ లేదు.
ముట్టకుండా వదిలేసిన కాగితమే తెలుపు.

ఈ సంగతి తెలిసిన రోజు
మధ్యాహ్నం నాకు మెతుకు దిగలేదు.
నా బడి పుస్తకం గుర్తొచ్చింది.
గౌనులకి సిరా పోశారు, బంతికి పోశారు,
కుక్క చెవికి కూడా పోశారు,
పిల్లల ముఖాల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపేశారు.
ఆ ఖాళీల్లో నన్ను నేను ఎనిమిదేళ్లు వెతుక్కున్నాను.
చివరికి కుక్క చెవి దగ్గర దొరికాను.

మొన్న వచ్చిన పుస్తకం వేరు.
మడ అడవిలో తాతతో కలిసి పీతలు పట్టే పిల్ల,
మోకాళ్ల దాకా బురద, నడుముకి బుట్ట.
బొమ్మ గీసినామె ఎవరో గానీ మొహమాటపడలేదు.
రంగు నిండుగా వేసింది,
మెడ వెనక మడతలో ఇంకో చెంచాడు ఎక్కువే వేసింది.

పదకొండింటికి ప్రచురణకర్త ఫోను.
"జెనైడీ, పిల్ల కాస్త... ఎలా చెప్పను,
బరువుగా ఉంది.
నలుపు ఓ పదిహేను పాళ్లు దించు.
కాఫీలో పాలు పోసినట్టు రావాలి.
నాకేం లేదమ్మా, కొనేవాళ్ల సంగతి నీకు తెలుసుగా."

తెలుసు.
ఇదివరకు దించాను. మూడుసార్లు. కాదు, నాలుగు.
డ్రమ్ము వాయించే అబ్బాయిని, ఒక నర్సుని,
క్రిస్మస్ పుస్తకంలో ముగ్గురు రాజుల్లో మూడోవాణ్ణి,
ఇంకొకరెవరో, మర్చిపోయాను.
జీతం రాళ్లు లెక్కపెట్టుకుని ఇంటికెళ్లాను.
అద్దం నన్నేమీ అడగలేదు.

మీట తిప్పాను.

యంత్రానికి మాయ తెలీదు.
ఒక్కో మీట ఒక నిలువు పట్టీ అంతటికీ సిరా పంచుతుంది.
పిల్ల చెంప మీంచి నలుపు తీస్తే
ఆ వరసలో ఉన్న బురదలోంచీ పోయింది,
పీత వీపు మీంచీ, తాత నీడలోంచీ,
కింద ఉన్న కథలోంచి కూడా.
అక్షరాలు జ్వరం పడి లేచినట్టు పాలిపోయాయి.
"మా ఇంట్లో నాకంటే వేగంగా" అన్నంత వరకే కనిపించింది,
తర్వాతంతా పొగ.

ఫొటో తీసి పంపాను. ఏమీ రాయలేదు.
పది నిమిషాలకి జవాబు:
"అయ్యో, చదవడానికి రావట్లేదు. పాతదే ఉంచు."

అక్షరాల కోసం ఒప్పుకున్నాడు.
పిల్ల కోసం కాదు.
జెనివాల్డో గెలిచామని ఎగిరాడు. నేను ఎగరలేదు.
మీట వెనక్కి తిప్పాను.
ఒక గీత ఎక్కువ తిప్పానా? చెప్పను.

తెల్లవారుజామున ఊడవడానికొచ్చిన ఇవొనెటీ
కూతుర్ని వెంట తెచ్చింది. బస్సుల సమ్మె, బడి లేదట.
చీపురు చప్పుడు వింటూ వింటూ ఆ పిల్ల
ఆరని కాగితాల దొంతర మీద చెంప ఆనించి నిద్రపోయింది.

"సిరా! సిరా!" అని తల్లి పరిగెత్తింది.
తడిగుడ్డతో తుడిచింది, దీపం కిందకి తిప్పి చూసింది,
మళ్లీ తుడిచింది.
ఎక్కడ అంటిందో దొరకలేదు.

పై కాగితం మీద మాత్రం
పీతల పిల్ల బుగ్గన గోరంత తెలుపు లేచింది.
చెత్తలో వెయ్యాలి, అది నియమం. పక్కన పెట్టాను.

పిల్ల కళ్లు నులుముకుంటూ అడిగింది:
"ఇంతకీ ఆ పెద్ద పీత దొరికిందా?"

తెలీదన్నాను.
ఇన్నేళ్లూ రంగు చూశాను గానీ
ఒక్క కథా చివరిదాకా చదవలేదు.
కొయ్యని కాగితంలో పేజీలు వరసగా ఉండవు,
సగం తలకిందులుగా ఉంటాయి.
ఇద్దరం నేల మీద పరుచుకుని
మెడలు తిప్పుకుంటూ ఆఖరి పేజీ వెతికాం.